బొగ్గు బస్సు ఆగిన చోట

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మోటరు బస్సు ఎక్కి వచ్చినవాళ్ళు నెల దాకా ఆ ముచ్చటే చెప్పేవాళ్ళు. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క, బస్సు వెనుక ఇనుప పీపా లాంటి పొయ్యి బిగించి, అందులో బొగ్గులు కాల్చి, దాని నుంచి వచ్చే గ్యాసుతో బండి నడిపేవారు. అది మా వీధి చివర నుంచి కరీంనగర్ తొవ్వ పట్టినప్పుడు పిల్లలమంతా దాని వెంట పరుగెత్తి, మొహం నిండా మసి పూసుకుని ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనుషులు నాకు వేరే లోకం వాళ్ళలాగా కనిపించేవారు.

మాది నేత పని చేసే ఇల్లు. బాపు పొద్దున గుంట మగ్గంలో దిగితే దీపాల వేళకు పైకి వచ్చేవాడు. మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, మా దగ్గర కాక చింతమడకలో పెద్దనాయిన దగ్గర ఉండేది. పెద్దనాయిన మగ్గం వదిలేసి అక్కడ సేద్యంలో పడ్డాడు. ఆయన బిడ్డ నాకంటే ఏడాది పెద్దది. నేను దాన్ని అక్క అనేదాన్ని, అది నన్ను చెల్లె అనేది. కానీ మా మధ్య ఉన్నది అక్కాచెల్లెళ్ళ వరస కన్నా దోస్తానే ఎక్కువ. పండుగకో పబ్బానికో కలిస్తే ఒక్క పళ్ళెంలో తినేవాళ్ళం, ఒక్క గొంగడిలో పడుకునేవాళ్ళం. విడిపోయేటప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరం తప్పకుండా ఏడ్చేవాళ్ళం.

ఆ ఎండకాలం మా మేనమామ లగ్గం కుదిరింది. లగ్గం కరీంనగర్‌లో, మా అవ్వ, అంటే అమ్మ, పుట్టింట్లో. అవ్వ తమ్ముణ్ణి తీసుకుని ముందే వెళ్ళిపోయింది. బాపుకు మగ్గం మీద ఒక చీర మిగిలింది, అది కోసి ఇచ్చి తర్వాత వస్తానన్నాడు. చింతమడక నుంచి పెద్దనాయిన ఎడ్ల బండి కట్టుకుని, బాపమ్మనూ పెద్దమ్మనూ అక్కనూ ఎక్కించుకుని వస్తూ, మా ఇంటి ముందు ఆగి నన్ను కూడా ఎక్కించుకోవాలని అనుకున్నాడు. అక్క అంతకు ముందు నుంచే కబురు మీద కబురు పంపుతోంది. బండి వెనుక భాగం మా ఇద్దరిదేననీ, కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుందామనీ, రొట్టెలు బెల్లంతో నలిపి మలీద ముద్దలు మూట కడుతున్నామనీ, ఆడుకోవడానికి కచ్చకాయలు మరవకుండా తెమ్మనీ. నేను కూడా మొదట్లో ఆ బండి కోసమే రోజులు లెక్కపెట్టుకున్నాను.

అంతలో మా పక్కింటి షావుకారు ఇంటికి పట్నం నుంచి చుట్టాలు వచ్చారు. ఆయన మరదలూ, ఆమె బిడ్డా. ఆ పిల్లకు నా వయసే ఉంటుంది. మోకాళ్ళ దాకా గౌనులు వేసుకునేది, జడలకు పట్టు రిబ్బన్లు కట్టుకునేది. ఆ పిల్లకు ఆడుకోవడానికి ఎవరూ లేక నన్ను పిలిచేవారు. పొద్దంతా వాళ్ళ ఇంట్లోనే ఉండేదాన్ని. వాళ్ళను మాత్రం మా ఇంటికి ఒక్కసారి కూడా రమ్మనలేదు. మగ్గం గుంట, గంజి వాసన, నూలు దుమ్ము గుర్తొచ్చి ఆ మాట నా నోట్లోనే ఆగిపోయేది.

వాళ్ళు కూడా కరీంనగర్‌కే వెళ్తున్నారని తెలిసింది, అదీ బస్సులో. ఆ పట్నం అమ్మ మా బాపుతో, పిల్లకు తోడుగా మీ బిడ్డను పంపండి, లగ్గం ఇంటి దగ్గర దింపి వెళ్తామని చెప్పి పంపింది. బాపు నా వైపు చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో, సరే అన్నాడు.

మరునాడు తెల్లవారుతుండగా చింతమడక బండి వచ్చి మా గడప ముందు ఆగింది. అక్క బండి ఆగకముందే దూకి ఇంట్లోకి వచ్చింది. నేను బస్సులో వస్తానని చెప్పాను. అది నవ్వింది. నేను పరాచికం ఆడుతున్నాననుకుంది. నా బట్టల మూట కట్టి లేకపోవడం చూశాక నవ్వు ఆపింది. బాపమ్మ బండి దిగి, నన్ను అరుగు చివరకు తీసుకెళ్ళి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"నా మాట ఇను బిడ్డా. బస్సు యాడికి పోదు, ఇంకోసారి ఎక్కుదువు. గీసారి అక్కతోని రారాదు?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె బతిమాలలేదు, కోప్పడలేదు. నా తల నిమిరి, పైలంగా రమ్మని చెప్పి బండెక్కింది. ఎందుకు అంత మెల్లగా అడిగిందో ఆలోచించే తెలివి నాకు లేదు. బండి కదిలాక అక్క వెనుక వైపు ఒక్కతే కూర్చుంది. కాళ్ళు మాత్రం వేలాడేయలేదు. ముడుచుకుని కూర్చుంది.

ఆ మర్నాడు మా బస్సు ప్రయాణం. పట్నం పిల్ల తన గౌనుల్లో ఒకటి నాకు తొడిగింది. ఆకాశం రంగు గౌను, మెడ చుట్టూ తెల్లటి అల్లిక. రిబ్బను కూడా కట్టింది. బస్సులో మేమిద్దరం కిటికీ పక్కన కూర్చున్నాం. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దామె పట్నం అమ్మను, ఇద్దరూ మీ బిడ్డలేనా అని అడిగింది. ఆమె అవుననలేదు, కాదనలేదు, నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు ఎంత తియ్యగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. నా మాట కూడా మార్చుకున్నాను. ఆ పిల్ల ఎలా పలికితే అలా పలకాలని చూశాను.

పొద్దెక్కిన కొద్దీ బస్సు దగ్గడం మొదలుపెట్టింది. ఒక ఎత్తు ఎక్కలేక సగంలో ఆగింది. అందరం దిగాం. మగవాళ్ళు కొంత దూరం నెట్టారు, లాభం లేకపోయింది. బొగ్గులు సరిగా రాజుకోలేదని, డ్రైవరు పక్కన ఉండే మనిషి వెనుక పొయ్యికి ఉన్న చక్రం చెమటలు కక్కుతూ తిప్పుతున్నాడు. మేమంతా బస్సు నీడన నిలబడ్డాం. నడినెత్తికి వచ్చిన ఎండకు ఆ నీడ ఒక అడుగు కూడా లేదు. మరచెంబులో నీళ్ళు అయిపోయాయి. పట్నం పిల్ల దాహమని ఏడుపు మొదలుపెట్టింది. ఎక్కడా ఊరు కనిపించలేదు. తొవ్వకు కొంచెం ఎడంగా ఒక మామిడి తోట మాత్రం ఉంది.

ఆ తోటలో ఒక బండి విప్పి ఉంది. పక్కన ఎడ్లు నీడన నిలబడి మేత నములుతున్నాయి. అందులో ఒక ఎద్దుకు ఎడమ కొమ్ము సగం విరిగి ఉంది. అది నేను ఎన్నోసార్లు నిమిరిన కొమ్ము.

నా వాళ్ళు కనిపిస్తే నా గుండె ఎగిరి గంతేయాలి కదా. వేయలేదు.  దేవుడా, వీళ్ళు ఇటు రాకూడదు అనుకున్నాను. ఆ కోరిక పుట్టినందుకే నాకు ఎక్కువ సిగ్గు. ఆ తర్వాత నేను చేసింది ఆ కోరిక వెనకాలే వచ్చింది.

వాళ్ళు వచ్చారు. బస్సు ఆగిందని చూసి, మనుషులు ఎండలో ఉన్నారని చూసి వచ్చారు. ముందు అక్క చెంబు పట్టుకుని పరుగున వస్తోంది. వెనుక బాపమ్మ చంకన నీళ్ళ కుండ పెట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని నడుస్తోంది. ఒక రోజు దుమ్మంతా వాళ్ళ మీదే ఉంది. అక్క నన్ను గౌనులో చూసి ఒక్క క్షణం గుర్తు పట్టలేదు. గుర్తు పట్టాక దాని మొహం వెలిగిపోయింది. చెల్లె అని పిలుస్తూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ళు తునికి పండ్ల రసంతో జిగురుగా ఉన్నాయి. నా కోసం ఏరిన పండ్లు ఇంకా కొంగున కట్టి ఉన్నాయి. ఎండలో ఎంత ఆయాసపడుతున్నా నవ్వుతూనే ఉంది.

పట్నం అమ్మ మా ఇద్దరి చేతుల వైపు చూసింది.

"ఎవరు వీళ్ళు? మీవాళ్ళా?" అని నన్ను అడిగింది.

ఆమె గొంతులో ఈసడింపు ఏమీ లేదు. ఊరికే అడిగింది. అవునంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కానీ నేను అక్క చేతిలోంచి నా చెయ్యి లాక్కుని, గౌనుకు తుడుచుకుని, "నాకు తెలీదు" అన్నాను.

అప్పటికి బాపమ్మ దగ్గరకు వచ్చేసింది. విన్నది. ఆమె విన్నదని నాకు తెలుసు, అది నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఆమె మొహం చూడలేక కుండ వైపు చూశాను. ఇప్పుడు నన్ను లాగి చెంప మీద కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. అక్క ఏదో అనబోయింది. బాపమ్మ దాని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"వేరే పోరి బిడ్డా. మన పోరి అనుకున్నవు. నువ్వు నీళ్ళు పొయ్యి" అంది.

అంత మామూలుగా అంది. ఎవరికీ ఏ అనుమానం రాలేదు. వరసగా అందరికీ నీళ్ళు పోసింది. ముసలివాళ్ళకు ముందు, పిల్లలకు తర్వాత. నా వంతు వచ్చినప్పుడు నేను దోసిలి పట్టాను. ఆమె చెంబు వంచింది.  "తాగు బిడ్డా, ఎండవడ్డవు" అంది. ఆ మాట అక్కడున్న పిల్లలందరితో అన్నదే. తర్వాత ఒడిలో కట్టుకొచ్చిన మలీద ముద్దలు పిల్లలకు పంచింది. నాకు ఒక ముద్ద ఎక్కువ మలీద పెట్టలేదు, తక్కువ పెట్టలేదు. పరాయి పిల్లకు ఎంత పెడతారో అంతే పెట్టింది.

తర్వాత కుండ ఎత్తుకుని తోట వైపు వెళ్ళిపోయింది. అక్క తల వెనక్కి తిప్పబోతే, బాపమ్మ దాని మెడ చుట్టూ చెయ్యి వేసి ముందుకే నడిపించింది. పట్నం అమ్మ వాళ్ళు వెళ్ళిన వైపు చూస్తూ, ఎవరో గానీ మంచి మనుషులు అంది. బస్సులో ఎదుట కూర్చున్న పెద్దామె కూడా అవునంది. నేను మలీద ముద్ద చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అది మా పెద్దమ్మ చేసింది. దాని రుచి నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఆ రోజు నోట్లో పెట్టుకుంటే మింగుడు పడలేదు.

బొగ్గులు రాజుకున్నాయి, బస్సు కదిలింది. కిటికీ పక్క జాగ నాదే అయినా తోట దాటేదాకా తల వంచుకుని కూర్చున్నాను.

లగ్గం ఇంటికి వాళ్ళ కంటే ముందే చేరాను. గౌను విప్పి ఇచ్చేసి నా లంగా కట్టుకున్నాను. తెలిసినవాళ్ళు ఇల్లంతా ఉన్నా నాకు ఏమీ తోచలేదు. మరునాడు బండి వచ్చింది. బండి వచ్చిందంటే ఇంటికి ప్రాణం వచ్చినట్టే అయింది. కాళ్ళు కడుక్కోకముందే అందరూ చుట్టూ చేరి తొవ్వ ముచ్చట్లు అడిగారు. బాపమ్మ చెప్పేది, పెద్దమ్మ మధ్యలో అందుకునేది. పెద్దనాయిన కునుకు తీస్తే ఎడ్లు తొవ్వ దిగి ఎవరిదో చెరుకు తోటలోకి వెళ్ళడం, ఆ రైతు కర్ర పట్టుకుని వచ్చి చివరికి చెరుకు గడలు ఇచ్చి పంపడం, ఒక ఊళ్ళో అరుగు మీద పడుకుంటే మేక వచ్చి పెద్దమ్మ పక్కన పడుకోవడం, అక్క తునికి చెట్టెక్కి దిగలేక ఏడవడం. విన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ ముచ్చట్లలో వేటిలోనూ నేను లేను. వాటిలో నేను ఉండాల్సిన చోటు ఎక్కడో నాకు మాత్రం తెలుస్తూనే ఉంది.

బొగ్గు బస్సుకు నీళ్ళు పోసిన ముచ్చట కూడా వచ్చింది.  బాపమ్మ అంతా చెప్పింది, చక్రం తిప్పే మనిషి మసి మొహం కూడా చెప్పింది. నన్ను మాత్రం చెప్పలేదు. మా అవ్వ ఏదో లెక్క వేసుకుని, అయితే మా పోరి వచ్చిన బస్సు అదే కాదా అని అడిగింది.  అక్క నా వైపు చూసింది. అది చెప్పేస్తుందనుకున్నాను. చెప్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఏమో, గది వేరేదే కావచ్చు. మన పోరి ఉంటే నాకు కనవడకపోవునా?" అంది బాపమ్మ.

అక్కడితో ఆ మాట ముగిసింది. మా బాపమ్మ అబద్ధం ఆడగా నేను విన్నది ఆ రెండుసార్లే. తోట దగ్గర ఒకసారి, లగ్గం ఇంట్లో ఒకసారి. రెండూ నా కోసమే.

లగ్గం అయిన నాడు ఇంకో సంగతి తెలిసింది. అక్కకు సంబంధం ఖాయం చేశారు. బొంబాయి దగ్గరి భీవండిలో మగ్గాల పనికి వెళ్ళిన కుటుంబం. మాటలు మొదలైనప్పటి నుంచీ బాపమ్మకు తెలుసట. వచ్చే ఎండకాలానికి లగ్గం, ఆ తర్వాత అక్క అంత దూరం వెళ్ళిపోతుంది. అవ్వ ఈ మాట మామూలుగా చెప్పి తన పనిలో పడింది. నేను పెండ్లి పందిట్లో గుంజ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా అరుగు చివర బాపమ్మ ఎందుకు అంత మెల్లగా అడిగిందో అప్పుడు అర్థమైంది.

తిరుగు ప్రయాణానికి, లగ్గం నాటికి వచ్చి చేరిన బాపు బస్సుకు వెళ్దామని అనుకుంటున్నాడు. నేను బండిలోనే వస్తానని ఏడ్చి సాధించుకున్నాను. బండి వెనుక భాగంలో అక్క పక్కన కూర్చున్నాను. అది జరిగి చోటు ఇచ్చింది. కచ్చకాయలు తీస్తే ఆడింది, పందెం గెలిచింది, నవ్వలేదు. ఆ మామిడి తోట వచ్చినప్పుడు పెద్దనాయిన ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి బండి ఆపాడు. పెద్దమ్మ పొయ్యికి రాళ్ళు వెతుకుతోంది. బాపమ్మ ఒక చెట్టు కింద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను వెళ్ళి ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను.  నాకు సిగ్గయింది బాపమ్మా అని మాత్రం అన్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది.

ఆమె నన్ను ఏడవనిచ్చింది. తర్వాత ఎత్తిపొడుపు ఏమీ లేకుండా చెప్పింది.

"నీళ్ళ కాడ నీ మీద నాకు కోపం రాలె బిడ్డా. పదిమందిల నీ మొకం చిన్నగైతదని ఊకున్న. గని ఒకటి చెప్త. ఇంట్ల ఉన్నప్పుడు ఎవల పని వాళ్ళదే. మీ బాపు మగ్గం కాడ, నేను పొయ్యి కాడ. తొవ్వ మీదనే ఒకల మొకం ఒకలు చూస్కుంట కూసుంటం. గా రెండు దినాలు మీ ఇద్దరికీ దొరుకుతయని ఆశవడ్డ."

అక్క మాకు దగ్గరగానే నిలబడి వింటోందని నేను గమనించలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు మట్టిలో పుల్లతో గీతలు గీసింది. ఆ తర్వాత, తలెత్తకుండానే అంది.

"గౌను మంచిగుండె. నీకు మంచిగుండెనని చెప్తామనే ఉరికొచ్చిన."

అది నన్ను తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ మాట ఇన్నేళ్ళకూ అలాగే ఉండిపోయింది. దాని చెయ్యి పట్టుకున్నాను. అది లాక్కోలేదు. కానీ వెనకటి లాగా గట్టిగా పట్టుకోలేదు కూడా. సిద్దిపేట వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. ఆ తొవ్వలో చెరుకు తోట కనిపించింది, పెద్దనాయిన ఈసారి మెలకువగానే ఉన్నాడు. ఏమీ జరగలేదు. జరగాల్సినవన్నీ వెళ్ళేటప్పుడే జరిగిపోయాయి.

మరుసటి ఎండకాలం అక్క భీవండి వెళ్ళిపోయింది. తర్వాత లగ్గాలకూ చావులకూ మేము కలుస్తూనే వచ్చాం. పిల్లల్ని కన్నాం, ఒకరి పిల్లల్ని ఒకరం ఎత్తుకున్నాం. ఆ చెయ్యి మళ్ళీ గట్టిగా పట్టుకునే రోజు కూడా వచ్చింది, బాపమ్మ పోయిన నాడు. కానీ ఇద్దరం కలిసి ఒక్క బండిలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళడం మాత్రం మళ్ళీ పడలేదు. నలుగురు కూడిన చోటల్లా మా వాళ్ళు బొగ్గు బస్సు ముచ్చట చెప్పుకుని నవ్వేవారు. అక్క కూడా నవ్వేది. ఒక్కసారి కూడా నా పేరు ఎత్తలేదు. బాపమ్మ మూసిన మాటను అది చచ్చేదాకా అలాగే మూసి ఉంచింది. నేనే ఇప్పుడు, చెప్పడానికి వాళ్ళిద్దరూ లేనప్పుడు, చెబుతున్నాను.

నాకు తొంభై దగ్గర పడుతోంది. ఇప్పటికీ మా వాళ్ళు ఏ ఊరికి బయలుదేరినా నన్ను వదిలి వెళ్ళనివ్వను. మోకాళ్ళు నొస్తాయంటారు, వాంతులవుతాయంటారు, అయినా ఎక్కుతాను. దారిలో కునుకు తీయను. రైల్లోనో బస్సులోనో పక్కన కొత్త మనుషులు కూర్చుంటే, వాళ్ళు అడిగినా అడగకున్నా ఒక్కొక్కరినీ చూపించి చెబుతాను. వీడు నా మనవడు, ఈమె నా కోడలు, ఆ కిటికీ దగ్గర నిద్రపోతున్నది కోడలి వాళ్ళ అమ్మ, అందరూ మావాళ్ళే అని. ముసలామెకు చాదస్తం ఎక్కువైందని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వనిస్తాను. అలా చెప్పిన ప్రతిసారీ సిగ్గు కొంచెం తగ్గుతుంది. పూర్తిగా మాత్రం ఏనాడూ పోలేదు.